బండికి ఏ పెట్రోలు మేలు?

శ్రీకాళహస్తి స్వర్ణముఖీ నదీతీరమున వెలసిన పుణ్యక్షేత్రము. చిరకాలము చిత్తూరు జిల్లాలో నుండిన ఈ పట్టణము 2022 ఏప్రిల్‌లో ఏర్పడిన తిరుపతి జిల్లాలో చేరినది. రాహుకేతు పూజలకై వచ్చు యాత్రికులను ఎక్కించుకొని, తిరుపతినుండి సుమారు 40 కిలోమీటర్ల బాటపై తెల్లవారుజామునుండియే బాడుగ కార్లు వరుసగా నడచుచుండును. చుట్టుపట్ల తొట్టంబేడు, ఏర్పేడు మండలముల పల్లెలలో మోటారు సైకిలు లేని వీధి నేడు అరుదు. పూర్వము ఎద్దులకు ఏ మేత వేయవలెనని ఆలోచించిన గృహస్థు నేడు బండికి ఏ పెట్రోలు పోయింపవలెనని ఆలోచించుచున్నాడు.

ఇటీవల మేము ఆ ప్రాంతమున పర్యటించుచుండగా, మమ్ము తీసికొనిపోవుచున్న బాడుగ కారు యజమాని దారిలో ఒక పెట్రోలు బంకువద్ద ఆగెను. అక్కడ రెండు విధములగు పెట్రోలు ఉన్నది. ఒకటి సాధారణమైనది, రెండవది ప్రత్యేకమైన పేరు పెట్టి ఎక్కువ ధరకు అమ్మునది. ఆయన రెండవదానిని పోయించుకొనెను. కారణమేమని అడిగితిమి.

"అయ్యా! పిండి కొద్దీ రొట్టె గదా. రెండేండ్లుగా బండి మునుపటి మైలేజి ఇవ్వడము లేదు. మంచి పెట్రోలు పోస్తే ఇస్తుందేమోనని ఆశ. బండి మీది అప్పు ఇంకా తీరలేదు. ఇంజను చెడితే మా ఇంటికి వేరే ఆధారము లేదు" అని ఆయన చెప్పెను.

"మరి మైలేజి పెరిగినదా?" అని అడిగితిమి.

"పెరిగినట్లే ఉంటుంది, పెరగనట్లే ఉంటుంది" అని ఆయన నవ్వెను.

ఈ సందేహము ఆయన ఒక్కరిది కాదు. బండిని నమ్ముకొని బ్రతుకు ప్రతి కుటుంబమునకు ఇది నెలనెలా రూపాయలతో ముడిపడిన విషయము. కావున ఎక్కువ ధర పెట్టి కొను పెట్రోలులో ఏమున్నది, అది ఎవరికి అవసరము, ఎవరికి అనవసరము అను సంగతులను ఇచట వివరింపదలచితిమి.

బోర్డులు వేరు, మూలము ఒకటి

ఒకప్పుడు మన రోడ్లపై బర్మాషెల్, ఎస్సో, కాల్టెక్స్ అను విదేశీ సంస్థల బంకులు ఉండెడివి. భారత ప్రభుత్వము 1974లో ఎస్సోను, 1976లో బర్మాషెల్‌ను, తరువాత కాల్టెక్స్‌ను స్వాధీనము చేసికొనెను. వానినుండియే నేటి హిందుస్థాన్ పెట్రోలియం, భారత్ పెట్రోలియం సంస్థలు రూపొందినవి. ఇండియన్ ఆయిల్ మొదటినుండి ప్రభుత్వ సంస్థయే. నేడు మన గ్రామములకు దగ్గరలో నున్న బంకులలో అధిక భాగము ఈ మూడింటివే.

ఈ సంస్థల బోర్డులు వేరైనను అవి అమ్ము పెట్రోలు ఒకే ప్రమాణమునకు లోబడి యుండవలెను. భారతీయ ప్రమాణముల సంస్థ దానిని నిర్ణయించినది. 2020 ఏప్రిల్ 1 నుండి దేశమంతట అమలులోనికి వచ్చిన భారత్ స్టేజి-6 నియమముల ప్రకారము పెట్రోలులో గంధకము పదిలక్షల పాళ్లలో 10 పాళ్లకు మించరాదు. అంతకు పూర్వము ఆ పరిమితి 50 పాళ్లు. ఈ నియమము ఖరీదైన పెట్రోలుకు ఎంత వర్తించునో, సాధారణ పెట్రోలుకును అంతే వర్తించును.

మరియొక విశేషము కలదు. దూరము కలిసివచ్చుటకై ఈ సంస్థలు ఒకదానివద్ద ఒకటి సరుకు తీసికొనుచుండును. విశాఖపట్టణమున 1957లో కాల్టెక్స్ స్థాపించిన చమురుశుద్ధి కర్మాగారము నేడు హిందుస్థాన్ పెట్రోలియమునకు చెందినది. చెన్నపట్నమువద్ద మణలిలో 1969లో పని ప్రారంభించిన కర్మాగారము ఇండియన్ ఆయిల్ కుటుంబమునకు చెందినది. ఐనను ఒక సంస్థ కర్మాగారమున తయారైన పెట్రోలు మరియొక సంస్థ బంకునకు చేరుట సామాన్యము. కావున "ఫలానా బోర్డు బంకు పెట్రోలే బండికి పడును, తక్కినది పడదు" అను మాటకు మూల సరుకు విషయమున ఆధారము లేదు. తేడా ఏదైన ఉన్నచో అది రెండింట నున్నది: ఒకటి ఆక్టేను సంఖ్య, రెండు శుభ్రపరచు మందు.

ఆక్టేను అనగా నేమి?

ఇంజను సిలిండరులో పెట్రోలు ఆవిరియు గాలియు కలిసిన మిశ్రమమును పిస్టను బిగించి నొక్కును. అప్పుడు స్పార్కు ప్లగ్గు నిప్పురవ్వ వేయును. మంట ఒక వైపునుండి మరియొక వైపునకు క్రమముగా వ్యాపించి పిస్టనును నెట్టవలెను. టపాకాయల సరమునకు ఒక కొన వెలిగించినచో ఒకదాని వెనుక ఒకటి ప్రేలును. అట్లుగాక నడుమ నెక్కడనో రవ్వపడి అన్నియు ఒక్కసారి ప్రేలినచో ఏమగును? ఇంజనులోను మంట చేరకముందే మిగిలిన మిశ్రమము నొక్కుడు వేడికి తనంతట తానే భగ్గుమన్నచో పిస్టనుపై సమ్మెటపోటు వంటి దెబ్బ పడును. ఎత్తు ఎక్కునప్పుడు ఇంజనునుండి వచ్చు టకటక శబ్దము తరచు ఇదియే. మెకానిక్కులు దీనిని నాకింగ్ అందురు.

ఈ అకాల దహనమును పెట్రోలు ఎంతవరకు ఓర్చుకొనగలదో తెలుపు కొలతయే ఆక్టేను సంఖ్య. ఐసో ఆక్టేను అను ద్రవమునకు 100 అనియు, హెప్టేను అను ద్రవమునకు సున్న అనియు నిర్ణయించినారు. 91 ఆక్టేను అనగా, 91 పాళ్లు మొదటిది, 9 పాళ్లు రెండవది కలిపిన మిశ్రమము ఎట్లు ఓర్చుకొనునో ఆ పెట్రోలును అట్లే ఓర్చుకొనునని అర్థము. 1921లో అమెరికాలో సీసపు సమ్మేళనము కలిపి ఈ ఓర్పును పెంచు పద్ధతిని కనుగొన్నారు. సీసము విషమగుటచే మన దేశమున 2000 సంవత్సరమునాటికి దానిని పెట్రోలునుండి పూర్తిగా తొలగించిరి.

ఇచట ముఖ్యముగా గ్రహింపవలసిన దేమనగా, ఆక్టేను సంఖ్య ఓర్పునకు కొలత. బలమునకు కొలత కాదు. ఆక్టేను ఎక్కువైనంత మాత్రమున లీటరు పెట్రోలులోని శక్తి పెరుగదు. మిశ్రమమును మిక్కిలి గట్టిగా నొక్కు ఇంజనులకు, అనగా కొన్ని ఖరీదైన కార్లకు, వేగము కొరకు నిర్మించిన కొన్ని మోటారు సైకిళ్లకు మాత్రమే ఎక్కువ ఆక్టేను అవసరము. మన ఊళ్లలో తిరుగు సామాన్యమైన కార్లలోను, మోటారు సైకిళ్లలోను అనేకము 91 ఆక్టేనుతో నడచుటకు నిర్మింపబడినవే. ఏ బండికి ఎంత కావలెనో దానితోపాటు ఇచ్చిన పుస్తకములో ముద్రించియే యుండును. కొన్నిటికి పెట్రోలు మూతవద్ద అంటించియు ఉందురు.

అమెరికా మోటారు వాహనదారుల సంఘము 2016లో ఈ విషయమును పరీక్షించినది. సాధారణ పెట్రోలు చాలునని నిర్మాతలు చెప్పిన కార్లలో అధిక ఆక్టేను పెట్రోలు పోసి చూడగా, బలములోగాని, మైలేజిలోగాని, పొగలోగాని చెప్పుకోదగిన మేలు కనబడలేదు. అట్లు అనవసరముగా అధిక ఆక్టేను పెట్రోలు కొనుటచే ఆ దేశ ప్రజలు ఒక్క సంవత్సరములో 210 కోట్ల డాలర్లు వ్యర్థము చేసికొనిరని ఆ సంఘము లెక్క వేసినది.

కలంకారీ గుడ్డకు పాలు పట్టించినట్లు

రెండవ తేడా శుభ్రపరచు మందు. పెట్రోలు కాలునప్పుడు కొంత మసి ఏర్పడి, పెట్రోలును చిమ్ము ఇంజెక్టరు రంధ్రములందును, వాల్వులపైనను పేరుకొనును. దీనిని అరికట్టుటకు పెట్రోలులో కొన్ని రసాయనములను కలుపుదురు. వాని పరిమాణము వేయింట ఒక వంతు కంటె తక్కువ.

ఇంత స్వల్పమైన మందు ఏమి చేయునని సందేహింపనక్కరలేదు. శ్రీకాళహస్తి కలంకారీ పనివారు నూలుగుడ్డను కరక్కాయ రసములోను, పాలలోను తడిపి ఆరబెట్టుదురు. అట్లు చేయనిదే కలముతో గీసిన గీత గుడ్డపై నిలువక వ్యాపించును. స్వల్పమైన పూతయే పనిని నిలబెట్టుచున్నది. ఐనను పాలు పట్టించినంత మాత్రమున నూలుగుడ్డ పట్టుగుడ్డ కాదు. పెట్రోలులోని మందును అట్టిదే.

ఈ మందు విషయమున గొప్ప పేరు గల పెట్రోలుకు అనుకూలమైన సాక్ష్యమును దాచరాదు. పైన చెప్పిన అమెరికా సంఘమే 2016లో మరియొక పరీక్ష చేసినది. శుభ్రపరచు మందు ఎక్కువగా నుండవలెనని కొందరు కార్ల నిర్మాతలు నిర్ణయించిన ప్రమాణమునకు సరిపోయిన పెట్రోలుతోను, ఆ ప్రమాణమునకు చేరని పెట్రోలుతోను ఇంజనులను సుమారు 6,400 కిలోమీటర్ల ప్రయాణమునకు సమానముగా నడిపి చూచిరి. రెండవ తరగతి పెట్రోలు వాడిన ఇంజనులలో సగటున 19 రెట్లు ఎక్కువ మసి కనబడినది. మందు నిజముగా పనిచేయునని దీనివలన తెలియుచున్నది.

ఐనను మూడు సంగతులు మరువరాదు. మొదటిది, ఆ పరీక్ష అమెరికా పెట్రోలుపై జరిగినది. మన బంకులలోని సరుకుకు ఆ సంఖ్యను యథాతథముగా వర్తింపజేయరాదు. రెండవది, మందు కలిసినదెల్ల ఖరీదైనదే కానక్కరలేదు. జియో-బీపీ సంస్థ 2021లో మన దేశమున బంకులు తెరచినప్పుడు, సాధారణ ఇంధనములోనే మందు కలిపి అదనపు ధర లేకుండ ఇచ్చెదమని ప్రకటించినది. మూడవది, కొన్ని నూతన ఇంజనులలో పెట్రోలు నేరుగా సిలిండరులోనికే చిమ్మబడును. అది గాలి లోనికి వచ్చు వాల్వులను తాకదు. కావున అట్టి ఇంజనులలో ఆ వాల్వులను ఏ మందైనను కడుగజాలదు.

మైలేజి ఎందుకు తగ్గినది?

మన బాడుగ కారు యజమాని ఫిర్యాదునకు వత్తము. బండి మునుపటి మైలేజి ఇచ్చుట లేదని ఆయన అన్న మాట ఉత్త భ్రమ కాకపోవచ్చును. నేడు సాధారణ పెట్రోలులో ఇథనాలు 20 శాతము వరకు కలియుచున్నది. చెరకునుండి, మొక్కజొన్ననుండి, బియ్యపు నూకలనుండి తయారగు ఈ ఇంధనమును కలుపుటచే విదేశీ చమురు దిగుమతి తగ్గును, రైతు పంటకు గిరాకి పెరుగును. 20 శాతము మిశ్రమము అమ్మకము 2023 ఫిబ్రవరిలో ప్రారంభమై, 2025 నాటికి దేశమంతట వ్యాపించినది.

ఇథనాలులో ఒక సుగుణము, ఒక కొరత ఉన్నవి. సుగుణము, దాని ఆక్టేను ఎక్కువ. అందుచే 20 శాతము మిశ్రమమునకు విధింపబడిన కనీస ఆక్టేను 95. అనగా, ఆక్టేను కొరకు అధిక ధర ఇచ్చువారు కోరు సంఖ్య సాధారణ పెట్రోలుకే వచ్చినది. కొరత, లీటరు ఇథనాలులోని శక్తి లీటరు పెట్రోలు శక్తికంటె సుమారు మూడవ వంతు తక్కువ. నీతి ఆయోగ్ 2021లో ప్రచురించిన నివేదికలో ఈ నష్టమును అంచనా వేసినారు. 10 శాతము మిశ్రమమునకు సరిచేసిన పాత కార్లలో మైలేజి 6 నుండి 7 శాతము వరకును, ద్విచక్ర వాహనములలో 3 నుండి 4 శాతము వరకును తగ్గవచ్చును. 20 శాతమునకు తగినట్లు సరిచేసిన కార్లలో తగ్గుదల 1 లేక 2 శాతము మాత్రమే.

కావున పాత బండి మైలేజి కొంత తగ్గినచో, తప్పు బంకుదని గాని బోర్డుదని గాని అనుకొనుటకు ముందు ఈ సంగతి జ్ఞాపకముంచుకొనవలెను. ప్రత్యేకమైన పేరు పెట్టినంత మాత్రమున ఆ పెట్రోలులో ఇథనాలు లేదని తలపరాదు. ఉన్నదో లేదో బంకువద్ద అడిగి తెలిసికొనవచ్చును. పాత బండ్లలో రబ్బరు గొట్టములను, వాషర్లను సర్వీసు చేయించునపుడు ఒకసారి చూపించుట మంచిది.

చౌక పెట్రోలు రెండు విధములు

చౌకయని చెప్పబడు పెట్రోలు మన ప్రాంతమున రెండు విధములుగా దొరకును. ఈ రెండింటికిని హస్తిమశకాంతరము కలదు.

నాగలాపురము, సత్యవేడు ప్రాంతములవారు సరిహద్దు దాటి తమిళనాడులోని ఊత్తుకోట వైపు పోయినప్పుడు అచట ట్యాంకు నింపుకొని వచ్చుట కలదు. అచట ధర తక్కువ. దీనికి కారణము నాణ్యము కాదు, పన్ను. ఆంధ్రప్రదేశ్‌లో పెట్రోలుపై రాష్ట్రపు పన్ను తమిళనాడులోకంటె ఎక్కువ. ప్రమాణము రెండుచోట్లను ఒక్కటే. కావున అచటి పెట్రోలు చౌకయైనందున ఇంజనుకు కీడు చేయదు. ఇచటిది ప్రియమైనందున మేలు చేయదు.

రెండవది, పల్లెలలో అంగడి గుమ్మమువద్ద సీసాలలో పోసి అమ్ము పెట్రోలు. అనుమతి పత్రము లేక పెట్రోలు అమ్ముట చట్టవిరుద్ధము. అగ్నిప్రమాదము సరేసరి. అందులో ఏమి కలిసినదో, ఎన్నాళ్లు ఎండలో నిలిచినదో చెప్పగలవారు లేరు. కిరోసిను కలిసినచో ఆక్టేను పడిపోవును, పొగ పెరుగును, కాలని కిరోసిను ఇంజను ఆయిలులోనికి దిగి దానిని పలుచన చేయును. నీరు కలిసినచో ఇథనాలు ఆ నీటిని పీల్చుకొని పెట్రోలునుండి విడిపోయి ట్యాంకు అడుగున చేరును. బండి దారిలో నిలిచిపోవును. అడుసు త్రొక్కనేల, కాలు కడుగనేల? ఊరికి బంకు దూరమైనచో, వెళ్లినప్పుడే ట్యాంకు నింపుకొని వచ్చుట మేలు.

బంకువద్ద మన హక్కులు

ఇంజనును కాపాడునది పెట్రోలు పేరు కాదు, దాని స్వచ్ఛత. స్వచ్ఛతను చూచుకొను హక్కు కొనువారికి కలదు.

మొదటిది, వడపోత కాగితపు పరీక్ష. అడిగినచో బంకువారు ఫిల్టరు కాగితమును ఇయ్యవలెను. గొట్టపు మూతిని శుభ్రముగా తుడిచి, ఒక చుక్క పెట్రోలును కాగితముపై వేయవలెను. స్వచ్ఛమైనచో సుమారు రెండు నిమిషములలో మరక మిగులకుండ ఆరిపోవును. లేత గులాబి ఛాయ మిగిలినచో అది పెట్రోలుకు వేసిన రంగే, కల్తీ కాదు. నూనె మరక నిలిచినచో అనుమానింపవలెను.

రెండవది, సాంద్రత. ఆనాటి సరుకు సాంద్రతను బంకులో ప్రదర్శింపవలెను. 15 డిగ్రీల వేడిమికి సరిచేసి చూచినప్పుడు ఆ సంఖ్యకును పరీక్షలో వచ్చిన సంఖ్యకును చెప్పుకోదగిన తేడా ఉండరాదు.

మూడవది, కొలత. తూనికలు కొలతల శాఖ ముద్ర గల 5 లీటర్ల కొలపాత్ర ప్రతి బంకులో ఉండవలెను. సందేహము కలిగినచో దానిలో పోయించి చూపుమని అడుగవచ్చును. 5 లీటర్లకు 25 మిల్లీలీటర్లకు మించి తక్కువ రారాదు. పోయించుకొనుటకు ముందు మీటరుపై సున్న చూచుటయు, రసీదు అడిగి తీసికొనుటయు అలవాటు చేసికొనవలెను.

లోపము కనబడినచో ఫిర్యాదు పుస్తకములో వ్రాయవచ్చును. పౌర సరఫరాల శాఖకు గాని, కొలత విషయమైనచో తూనికలు కొలతల శాఖకు గాని తెలుపవచ్చును. వానకాలమున, ముఖ్యముగా 2021 నవంబరులో స్వర్ణముఖి పొంగినట్టి వరదల తరువాత, ట్యాంకులో నీరు చేరినదా యని బంకువారిని అడుగుటకు సంకోచింపరాదు.

లెక్క చూచుకొందము

తుదకు రూపాయల మాట. సాధారణ పెట్రోలు లీటరు 110 రూపాయలనియు, పేరు గలది 118 రూపాయలనియు అనుకొందము. దినమునకు 10 లీటర్లు వాడు బాడుగ కారు నెలకు 25 దినములు తిరిగినచో, అదనపు వ్యయము నెలకు 2,000 రూపాయలు. సంవత్సరమునకు 24,000 రూపాయలు. ఈ సొమ్ము మైలేజి రూపమున తిరిగి రావలెనన్నచో, లీటరుకు 18 కిలోమీటర్లు ఇచ్చు బండి 19.3 కిలోమీటర్లు ఇయ్యవలెను. అనగా 7 శాతమునకు మించిన పెరుగుదల కావలెను. శుభ్రమైన ఇంజనులో పెట్రోలు మార్చినంతనే అంత పెరుగుదలను ఆశింపరాదు.

నమ్మకము కలుగనివారు స్వయముగా పరీక్షించుకొనవచ్చును. గొట్టము తనంతట తాను ఆగువరకు ట్యాంకు నింపి, కిలోమీటర్ల సంఖ్యను వ్రాసికొనవలెను. మరల నింపునపుడు తిరిగిన దూరమును పోసిన లీటర్లతో భాగింపవలెను. ఒక్కొక్క రకముతో మూడేసి పర్యాయములు, అదే దారిలో, టైర్లలో అదే గాలితో చూడవలెను. ఒక్కసారి చూచి నిర్ణయించినచో వాన, బరువు, రద్దీ మనలను మోసగించును.

బండి పుస్తకము ఎక్కువ ఆక్టేను కోరినచో వెనుదీయక అదే పోయవలెను. పాత ఇంజను మసితో ఇబ్బంది పెట్టుచున్నచో మెకానిక్కు సలహాపై కొన్ని ట్యాంకులు మందు గల పెట్రోలు వాడి చూచుటయు తప్పు కాదు. తక్కినవారికి సాధారణ పెట్రోలు చాలును. మిగిలిన సొమ్ముతో వేళకు ఇంజను ఆయిలు, గాలి ఫిల్టరు, స్పార్కు ప్లగ్గు మార్పించి, టైర్లలో గాలి సరిచూచుకొన్నచో ఇంజను ఆయుస్సు నిశ్చయముగా పెరుగును.

తిరుగు ప్రయాణమున ఈ లెక్కను ఆ కారు యజమానికి చెప్పితిమి. ఆయన అరలోనుండి బండి పుస్తకమును తీసి, దుమ్ము దులిపి, మాచేత ఆ పుట చదివించుకొనెను. అందు 91 అని ఉన్నది. కొంతసేపు ఊరకుండి, "ఏడాదికి ఇరవైనాలుగు వేలా! ఆ డబ్బు బండి అప్పుకు కట్టుకొంటాను" అనెను.

పేరు గొప్ప, ఊరు దిబ్బ అని పెద్దలు ఊరక అనలేదు. బోర్డుమీది పేరు చూచి గాక, బండి పుస్తకములోని సంఖ్యను, బంకులోని కొలతను, సరుకులోని స్వచ్ఛతను చూచి పెట్రోలు కొనువారు ఇంజనును, ఇంటి సొమ్మును కూడ కాపాడుకొందురు.